ముందు ఎదుటోని మాట చెప్పు

మా మామ పోయినప్పుడు పరామర్శకు వచ్చినవాళ్లలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు ఆయన పంచాయితీలో ఓడినవాళ్లే. కొట్టం ముందు పరిచిన చాపల మీద కూర్చుని, ఎవరు ఎట్లా ఓడారో వాళ్లే చెప్పుకున్నారు. గోడ జరిపిన తగాదాలో ఓడిన వడ్రంగి, దూడ కోసం తమ్ముడితో కొట్లాడి ఓడిన మా కులపాయన, లక్కగాజుల కార్ఖానా భాయ్. వాళ్లలో ఒకాయనైతే "తప్పు నాదే ఉండె. గని నా మాట ఆఖరిదాంక ఇన్నడు. మా నాయిన గూడ గట్ల ఇనలే" అని తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు. గెలిచినవాళ్లు మాత్రం ఏదో వచ్చామంటే వచ్చామనిపించుకుని వెళ్లారు. గెలిచినవాడికి పెద్దమనిషి ఎందుకు గుర్తుంటాడు? తన న్యాయమే తనను గెలిపించిందనుకుంటాడు.

ఆ రోజు అందరూ తీర్పుల గురించే మాట్లాడారు. యుద్ధం సంగతి ఒక్కరూ ఎత్తలేదు. మా గడపలో ఎవరూ ఎత్తరు కూడా. అందుకే నేను రాస్తున్నాను.

ఆయన నాకు రెండు విధాల మామ. మా అమ్మకు అన్న, మా ఆయనకు తండ్రి. మా పాలవాళ్ల ఇళ్లల్లో ఇది వింతేమీ కాదు. పుట్టింట్లో ఎత్తుకుని ఆడించిన మనిషే అత్తింట్లో ఎదురుగా కూర్చుంటాడు, అంతే తేడా. దానివల్ల ఆయన గొప్పలూ నాకు తెలుసు, ఆయన డొల్లతనమూ తెలుసు. ఎండాకాలంలో పాలల్లో నీళ్లు కలిపేవాడు. ఎవరైనా నిలదీస్తే "ఎండలు గదా, బర్రె గూడ నీళ్లెక్కువ తాగుతున్నది" అనేవాడు. సర్కారు చెప్పిన కారణాలకు ఒక్కొక్కటిగా చిల్లులు పెట్టిన మనిషి తన కారణం దగ్గరికి వచ్చేసరికి ఇంత పలచగా ఉండేవాడు.

మొఘల్‌పురాలో మా కొట్టం వీధి చివరన ఉండేది. బర్రెలు తాగే కుడితి గోలేనికి వీపు ఆనించి, ఒక కాలు మడిచి, ఒక కాలు చాపి కూర్చునేవాడు. పంచాయితీ నడుస్తున్నంతసేపూ ఆ చాపిన కాలి బొటనవేలు ఆడుతూనే ఉండేది. అది ఆగిందంటే అబద్ధం దొరికిందన్నమాట. ఈ సంగతి తెలిసినవాళ్లు ఆయన ముఖం చూడకుండా కాలి వంక చూస్తూ మాట్లాడేవారు.

ఫిర్యాదు తెచ్చినవాళ్లు ఆయన ముందు ఒక తమలపాకు, ఒక వక్క పెట్టాలి. ఆయన ఆకు అందుకుంటే పంచాయితీ ఒప్పుకున్నట్టు. ఒకసారి అందుకున్నాక తెగేదాకా ఆయన లేవడు, వచ్చినవాళ్లనూ లేవనివ్వడు. ఇది మా వాళ్లలో పాత పద్ధతే. ఆ తర్వాత ఆయన అడిగే మాట మాత్రం ఆయన సొంతం.

"ముందు ఎదుటోని మాట చెప్పు."

వచ్చినవాడు తెల్లబోయేవాడు. "అది కాదు పెద్దయ్యా, వాడు నన్ను..."

"నీ మాట నాకెరుకనే. నీ మొకం మీదనే ఉన్నది. వాడు ఈడ కూసుంటే ఏమంటుండెనో గది చెప్పు. వాని లెక్కనే చెప్పు, నీ లెక్క కాదు."

చెప్పలేక కొందరు ఆకు వక్క కూడా వదిలేసి ఇంటికి పోయేవారు. ఇంకొందరు చెప్పబోయి, మధ్యలో ఆగి, "వాడనేది గూడ నిజమే గని" అని నసిగేవారు. అప్పుడు మామ వక్క బుగ్గన పెట్టుకుని "సగం లొల్లి సల్లారింది, మిగిలిన సగం చెప్పు" అనేవాడు. ఎవరైనా "ఊరంత అంటున్నది" అన్నారా, ఇక అయిపోయినట్టే. "ఊరికి నోరేడున్నది? అన్నోని పేరు చెప్పు" అని పట్టుకునేవాడు. పేరు దొరికేది కాదు.

ఇంతలో యుద్ధం వచ్చింది. మాకు మొదట్లో యుద్ధమంటే పత్తిగింజల ధర పెరగడమే. చాయ్ హోటల్లో రేడియో పెట్టేవారు. మామ సాయంత్రం పాలు పోసి వచ్చేటప్పుడు అక్కడ ఆగి, ఉర్దూలో చెప్పిన వార్తలు విని, ఇంటికొచ్చి మాకు వినిపించేవాడు. వార్తలకన్నా ఎక్కువగా కారణాలు వినిపించేవాడు. "మొన్న జర్మనీవాడు చిన్న దేశాన్ని కొట్టిండని అన్నరు. ఇయ్యాల లోకం మొత్తానికి ఆజాదీ కోసమంటున్నరు. సంబంధం వద్దనుకున్నోడు మొదలు జాతకం కలువలేదంటడు, తర్వాత పిల్ల పొట్టిగున్నదంటడు. అసలు సంగతి వేరే ఉంటది" అని నవ్వేవాడు. ఆయనకు అప్పటికి అది నవ్వులాటే. మా ఆయన ఆ మాటలేవీ వినేవాడు కాదు. గోడకు ఆనుకుని, రేడియోలో వినొచ్చిన పాట కూనిరాగం తీసేవాడు.

ఒకనాడు మా పేటలో ఒక బడి ఆవరణలో షామియానా వేశారు. సర్కారు పెద్ద అధికారి వచ్చి యుద్ధం గురించి చెబుతాడని, ఇంటింటి పెద్దలూ రావాలని చాటింపు వేశారు. ఆడవాళ్లకు పరదా కట్టారు. నేను పరదా వెనుక ముందు వరసలో కూర్చున్నాను. పరదా కంతలోంచి మామ పాగా, చాపిన కాలు కనిపిస్తున్నాయి.

షేర్వాణీ తొడుక్కున్న ఆ అధికారి మంచి మాటకారి. ఉర్దూలో చెప్పాడు. పక్కన నిలబడ్డ గుమాస్తా తెలుగులో చెప్పాడు. బలవంతుడు బలహీనుడి మీద పడ్డాడు, మనం బలహీనుడి పక్షం. మనల్ని ఏలే హుజూర్ తన దోస్తు తెల్లదొరకు మాటిచ్చారు, మాటంటే తిన్న ఉప్పు. మనం అక్కడికి పోయి కొట్లాడకపోతే వాళ్లు ఇక్కడికి వచ్చి మన ఇళ్లు కాలుస్తారు. కాబట్టి పడుచువాళ్లు పేర్లు ఇవ్వాలి. ఇంతే సారం. అందరూ తలలూపారు. నేనూ ఊపాను, వినడానికి అంత బాగుంది.

మాటలయ్యాక వెండి పళ్లెంలో పాన్ తెచ్చి పెద్దలందరికీ ఇచ్చి, అత్తరు రాశారు. అందరూ లేచారు. మా మామ లేవలేదు. ఆకు చేత్తో పట్టుకుని, వక్క బుగ్గన పెట్టుకుని, సర్దుకుని కూర్చున్నాడు.

"కూసోండ్రి సాబ్. ఆకిచ్చి లేస్తరేంది? పంచాయితీ ఇంక షురూనే కాలే."

గుమాస్తా ఉర్దూలో చెప్పాడు. అధికారి నవ్వాడు. మర్యాదస్తుడు, మళ్లీ కూర్చున్నాడు. చెప్పు పెద్దాయనా అన్నట్టు చెయ్యి చూపించాడు.

"మీ మాట ఇన్న. బాగ చెప్పిండ్రు. ఇగ ఆ జర్మనీవాని మాట చెప్పుండ్రి."

"వాని మాటేముంటది? వాడు జాలిం, పరమ దుర్మార్గుడు" అన్నాడు గుమాస్తా, అధికారిని అడగకుండానే.

"జాలిమే అనుకుందం. మీకన్న నాకెక్కువ ఎరుకనా? గని జాలిం గూడ ఇంట్ల ఏదో ఒకటి చెప్పే బయటికెళ్తడు. వాళ్ల ఊర్ల గూడ గిట్లనే షామియానా ఏసి, పోరగాండ్లను కూసోబెట్టి ఏదో చెప్తుంటరు. గదేందో నాకు కావాలె. రెండు మాటలు పక్కపక్కన పెట్టి చూడకుంట మా పోరగాండ్లను ఎట్ల పంపాలె?"

నవ్వులు వినిపించాయి. మామ నవ్వలేదు. బొటనవేలు ఆడుతోంది.

"ఇంకో సంగతి. చిన్నోన్ని కొట్టిండు గనుక పోతున్నం అన్నరు. గట్టి మాట. గదొక్కటి సాలు గద. మల్ల ఉప్పు మాటెందుకొచ్చింది? ఇండ్లు కాలుతయన్న మాటెందుకొచ్చింది? మొదటి కారణం నిలబడేదైతే అడగకముందే రెండోది ఎందుకు తెస్తరు సాబ్?"

గుమాస్తా ఇది తెలుగులోంచి ఉర్దూలోకి మార్చడానికి తడబడ్డాడు. మామ ఆగలేదు.

"దోస్తుకు మాటిచ్చింది హుజూర్. మాటిచ్చేనాడు మమ్ముల పిలిచిండ్రా? పిలువనోల్లను ఇయ్యాల మాట నిలబెట్టుమంటే ఎట్ల?"

అప్పటిదాకా నవ్విన జనం ఒక్కొక్కరే ఆయన పక్క నుంచి జరిగారు. అధికారికి ఈ ముక్క ఎవరూ మార్చి చెప్పనక్కరలేకపోయింది. లేచి వెళ్లిపోయాడు. మామ బొటనవేలు ఆగిపోయింది. పరదా వెనుక మా పక్కింటామె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మర్నాడు పోలీసు చౌకీకి పిలిచి పొద్దుగూకేదాకా నిలబెట్టారు. జర్మనీవాడి మనుషులు ఎవరైనా నీ దగ్గరికి వస్తారా అని అడిగారట. ఆకు పద్ధతి ఏమిటో మామ విడమరచి చెబితే అక్కడి పెద్ద పొట్ట పట్టుకుని నవ్వాడట. గొప్పింటి షరీఫుల కొలువులో పాన్ ఇచ్చారంటే ఇక దయచేయండి అని అర్థం, పంచాయితీ మొదలని కాదు, పిచ్చి ముసలోడా అని వదిలేశాడు. మా పద్ధతిలో ఆకు తలుపు తెరుస్తుంది, వాళ్ల పద్ధతిలో మూస్తుంది. ఆ ఒక్క పొరపాటే ఆయనను జైలు నుంచి కాపాడింది. కాని మామ నవాబుల దేవిడీ భవంతులకు పాలు పోసిన మనిషి. అక్కడి పాన్ మర్యాద ఆయనకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? అడిగితే "నాకేమెరుక బిడ్డా, నేను పాలోన్ని" అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు.

గల్లీ మాత్రం ఆయనకు జర్మనీ వకీల్ అని పేరు పెట్టేసింది. ఆయనకు దులిపేసుకోవడం తెలుసు. మా ఆయనకు తెలియదు. చాయ్ హోటల్లో కూర్చుంటే దోస్తులు "ఏం రా, మీ బాపు జర్మనీవాని దిక్కు వాదించిండంట" అని ఆడించేవారు. కొన్నాళ్లు తల వంచుకు తిరిగాడు. తర్వాత ఒక పూట నేరుగా పోయి సైన్యంలో పేరు ఇచ్చి వచ్చాడు. మా పెళ్లయి అప్పటికి ఇంకా ఏడాది నిండలేదు.

మామ పాల చెంబు కింద పెట్టి "పోవద్దు" అన్నాడు.

"ఎందుకు?" అన్నాడు మా ఆయన.

"నేను చెప్తున్న గనుక."

"సర్కారోన్ని కూసోబెట్టి అన్ని మాటలడిగితివి. గిదే జవాబు సర్కారిస్తే ఊకుంటుంటివా బాపూ?"

మామ చెయ్యెత్తాడు. కొట్టలేదు కాని ఎత్తిన చెయ్యి నేను చూశాను. ఆ నాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే బర్రెకు ఒకరు మేత వేసేవారు, ఒకరు పాలు పిండేవారు. కావలసినవి నాతో చెప్పించేవారు. బండి ఎక్కే రోజు దగ్గర పడుతోంది. నాకు అన్నం దిగడం లేదు.

చివరికి నేనే ఒక పని చేశాను. మధ్యాహ్నం మామ గోలెం దగ్గర కూర్చున్నప్పుడు తమలపాకు, వక్క తెచ్చి ఆయన ముందు పెట్టాను. మా ఇళ్లల్లో కోడలు మామ ముందు ఆకు పెట్టడం ఎవరూ విన్నది కాదు. ఆయన ఆకు వంక, నా వంక చూశాడు.

"ఎవల మీద?"

"నీ కొడుకు మీద మామా. నీ మీద గూడ."

ఆకు అందుకున్నాడు. "అయితే నీకు గూడ గదే కానూను. ముందు ఎదుటోని మాట చెప్పు."

నేను అది అనుకోలేదు. నా ఏడుపు ఏడవడానికే వచ్చాను. కాని ఆకు అందుకున్నాడు, ఇక చెప్పాలి. కళ్లు మూసుకుని, రాత్రిళ్లు మా ఆయన నాతో అన్నవన్నీ ఆయన గొంతుతోనే చెప్పాను.

"పొద్దుగాల లేస్తే పేడ, మాపటికి పేడ. నీకేం కావాలెరా అని మా బాపు ఒక్కసారి అడగలే. బర్రె ఈనిందా అని అడిగిండు. పాలు పోసొచ్చినవా అని అడిగిండు. ఊరి లొల్లులన్ని తెంపిన మనిషికి ఇంట్ల లొల్లి కండ్లవడలే. జర్మనీ ఏ దిక్కున్నదో నాకెరుక లేదు. ఆ సాబ్ చెప్పిన కారణాలు ఒక్కటి గూడ యాదికి లేవు. చార్మినార్ అవుతల ఏమున్నదో చూడాలె నేను. నన్ను ముంగట నిలబెట్టి, నీ పేరేందిరా అని అడిగింది వాళ్లొక్కల్లే."

మా ఆయన ఎప్పుడు వచ్చాడో కొట్టం గుంజ పక్కన నిలబడి ఉన్నాడు.

"ఇగ నీ మాట చెప్పు" అన్నాడు మామ నాతో.

"నాకు నా మొగడు కావాలె మామా" అన్నాను. అంతకు మించి నా దగ్గర వాదన లేదు.

మామ కొడుకు వైపు తిరిగాడు. "గిది నిజమేనా?"

"నిజమే బాపూ. నేను చెప్పినా గింత మంచిగ చెప్పకపోదును."

మామ వక్క ఉమ్మేశాడు. తీర్పు వచ్చినట్టే. "ఆ షామియానా కింద ఇన్నదంత ఒక దిక్కు, గిదొక దిక్కు. గిది నిజమైన కారణం. దీన్ని నేను కాదనలేను. పో కొడుకా. గని ఒక్కటి ఇను. నువ్వు నీ కారణం మీద పోతున్నవ్. వాళ్లు వాళ్ల కారణం మీద పంపుతున్నరు. రెండు ఒక్కటే అనుకోకు."

ఎదుటోని కేసు బాగా వాదించి నా కేసు నేనే ఓడగొట్టుకున్నాను. మా ఆయనను నాంపల్లి స్టేషన్లో బండి ఎక్కించి వచ్చాక చాలా రోజులు నేను మామకు గిన్నె ముందు పెట్టి పక్కకు తప్పుకునేదాన్ని. ఆయన మీద నాకు పట్టరాని కోపం. కొడుకును కాళ్లు విరిచైనా ఆపే తండ్రులు లేరా? న్యాయం ముఖ్యమైపోయిందా? ఆయన నన్ను ఏమీ అనలేదు. ఆ తర్వాత ఎవరు ఆకు పెట్టినా మాత్రం అందుకోలేదు. "నా ఇంట్ల ఎదుటోడు ఉన్నడనే నాకు తెల్వలేదు, మీ ఇండ్లల్ల నేనేం చెప్పాలె" అని పంపేసేవాడు. వచ్చినవాళ్లు చౌకీ భయం అనుకున్నారు.

జపానువాడూ దిగాక యుద్ధం తూర్పుకు వచ్చింది. సముద్రపు ఒడ్డు ఊళ్ల మీద బాంబులు పడ్డాయని రేడియో చెప్పింది. హోటల్లో జనం "చూసినవా వకీల్ సాబ్, ఇండ్లు కాలుతయన్నది నిజమే అయితున్నది" అన్నారు. మామ ఒప్పుకున్నాడు. "అయితున్నది. నేను అబద్ధమని ఎన్నడన్న అన్ననా? అడిగిన, గంతే." యుద్ధం అయిపోవచ్చాక ఆ జర్మనీవాడు మనుషులను ఏం చేశాడో మెల్లమెల్లగా తెలిసింది. అధికారి చెప్పిన దానికన్నా వాడు ఎన్నో రెట్లు దుర్మార్గుడు. అది విన్న రోజు మామ అన్నం తినలేదు. "గంత నిజం చేతిల ఉన్నోళ్లు, ఒక పాలోడు అడిగిన మాటకు ఎందుకు బుగులువడ్డరు బిడ్డా? కూసోని చెప్తే నేను ఇనకపోతునా?" అన్నాడు. ఆ రోజు నా కోపం పోయింది. ఆయనకు కావలసింది గెలవడం కాదు. అంత పెద్ద పనికి మనుషులను పిలిచేటప్పుడు వాళ్లను మనుషుల్లాగా కూర్చోబెట్టి చెప్పమన్నాడు. మా ఆయనను తాను అట్లా కూర్చోబెట్టలేదన్న బాధ కూడా అందులోనే ఉంది.

మా ఆయన బర్మా నుంచి తిరిగి వచ్చాడు. ఎండిపోయి, కుడిచెవి వినపడక, నేరుగా కొట్టంలోకి పోయి బర్రెల వీపుల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నేను దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. కాని మనిషి మాట్లాడేవాడు కాదు. గల్లీ వాళ్లు యుద్ధం కథలు చెప్పమని వచ్చి, కాసేపు కూర్చుని, లేచిపోయేవారు. మామ ఒక్క ప్రశ్న అడగలేదు. అడగడమే బతుకైన మనిషి కొడుకు పక్కన ఊరికే కూర్చోవడం నేర్చుకున్నాడు.

కొంతకాలానికి ఒక మధ్యాహ్నం ఇద్దరూ గోలెం కడుగుతున్నారు. మా ఆయన పీచు చేతిలో పట్టుకునే మొదలుపెట్టాడు.

"ఒక జపానోడు దొరికిండు బాపూ. కడుపుల తూటా తాకింది. పొద్దుగాల తోల్కపోతం, అందాంక కావలుండుమని నన్ను కూసోబెట్టిండ్రు. వాన పడుతున్నది. వానికి ఉర్దూ నాలుగు ముక్కలొస్తది. హిందుస్తానోల్లను విడిపియ్యనీకె పోతున్నరని వాళ్ల సర్కారు చెప్పిందంట. మమ్ముల విడిపియ్యనీకే వచ్చిండంట వాడు! మాకు గూడ ఎవలనో విడిపియ్యాలెననే చెప్పిండ్రని నేనన్న. ఇద్దరం నవ్వినం. నవ్వితే వానికి నొచ్చింది."

మామ చేతిలో పని ఆపేశాడు.

"నువ్వేం పని చేస్తవని సైగ చేసిండు. పాలు పిండినట్టు చూపించిన. వాడు వల ఇసిరినట్టు చూపించిండు. చాపలు పట్టేటోడు. పేరు చెప్పిండు గని నా నోటికి రాలే. నీళ్లడిగితే పోసిన. తెల్లారేసరికి పోయిండు."

"వాళ్ల ఇంట్ల ఎరుకనా?" అన్నాడు మామ.

"ఎట్ల ఎరుకైతది బాపూ? ఆడ్నే పూడిసి పెట్టినం. ఇయ్యాల్టికి గూడ వస్తడనే చూస్తుండొచ్చు."

మామ లేచాడు. పాగా తీసి గుంజకు తగిలించి బావి దగ్గరికి నడిచాడు. ఎండకు తాళలేక అనుకున్నాను. నిండు చేద తోడి, కట్టుబట్టలతో తల మీద గుమ్మరించుకున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. అయినవాళ్లు పోయారన్న కబురు ఎంత ఆలస్యంగా వచ్చినా, వినగానే తలకు పోసుకోవాలి. మా ఇళ్లల్లో అది తప్పదు.

మా ఆయన పీచు పడేసి వెళ్లి తండ్రి పక్కన గచ్చు మీద కూలబడ్డాడు. వచ్చిన నాటి నుంచి ఏడవని మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. మామ ఇంకో చేద తోడి కొడుకు తల మీద పోశాడు. తర్వాత మూడో చేద తోడి నన్ను పిలిచాడు.